బీరువా నిండా గుడ్డలే.. కట్టుకోను ఒక్కటీ లేదంటాం ఎందుకు?

రంజాన్‌లో పదిహేను రోజాలు దాటాయంటే చాలు, కమలాపురం నుంచి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరుకు పోయే బస్సుల్లో రష్ పెరుగుతుంది. పోయేటప్పుడు చేతిలో ఖాళీ సంచి, వచ్చేటప్పుడు నాలుగు కవర్లు. బట్టలకు, బంగారానికి ప్రొద్దుటూరుకు ఉన్న పేరు చిన్నది కాదు. మన పెద్దోళ్లు దాన్ని ‘రెండో బొంబాయి’ అని ఊరికే అనలేదు. జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి కూడా పెళ్లి గుడ్డలకు చాలామంది పోయేది అక్కడికే.

కానీ అవే ఇళ్లలో బీరువా తలుపు తీస్తే గుడ్డలు మీద పడతాయి. మంచం కింద సూట్‌కేసు, అటక మీద ట్రంకు పెట్టె, తలుపు వెనక మేకుకు పది బుర్ఖాలు. అయినా ఏదైనా నిఖాకు పిలుపు వస్తే మొదట వినిపించే మాట ‘నాకు కట్టుకోను ఏమీ లేదు’ అనే. ఈ మాట అబద్ధం కాదు, నిజమూ కాదు. దీని వెనక ఏముంది, దీన్ ఏం చెబుతోంది, బీరువాను ఎట్లా తేలిక చేసుకోవాలి, చేసుకున్న తర్వాత ఆ తృప్తి ఎట్లా నిలుస్తుంది అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

గుడ్డలు ఎందుకు పేరుకుపోతాయి?

మన ఇళ్లలో గుడ్డలు మూడు దారుల్లో వస్తాయి. ఒకటి, పండగలు. రంజాన్‌కు తప్పకుండా, చాలా ఇళ్లలో బక్రీద్‌కు కూడా. రెండు, శుభకార్యాలు. మంగ్నీ, నిఖా, వలీమా, అఖీఖా, బిస్మిల్లా.. ఒక్కో దానికి ఒక జోడా. దగ్గరి చుట్టాల పెళ్లయితే నిఖాకు ఒకటి, వలీమాకు ఇంకొకటి. మూడు, పెట్టుబడులు. పెళ్లిలో చుట్టాలు పెట్టే చీరలు, సూటు పీసులు, ప్యాంటు షర్టు బిట్లు. ఈ మూడోది మనం ఎంచుకున్నవి కావు. రంగు నచ్చదు, కుట్టించము, పారేయము. అట్లనే ప్లాస్టిక్ కవర్లో ఉండి ఇంకొక పెళ్లిలో ఇంకొకరికి పోతాయి. కొన్ని బిట్లు కత్తెర చూడకుండానే నాలుగైదు ఇళ్లు తిరుగుతాయి.

మన జిల్లాకు నాలుగో దారి ఒకటుంది, కువైట్. కడప జిల్లా నుంచి ఇంటి పనులకు, డ్రైవింగ్‌కు కువైట్ పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అందులో ఆడవాళ్లు కూడా ఎక్కువే. వాళ్లు వచ్చేటప్పుడు అట్టపెట్టెల్లో అబాయాలు, గౌన్లు, దుప్పట్లు తెస్తారు. ప్రేమతో తెచ్చినవి కాబట్టి ఎవరూ కాదనరు. కానీ అక్కడి ఏసీ ఇళ్లకు, మాల్స్‌కు సరిపోయే మందపాటి పాలిస్టర్ అబాయా మన ఏప్రిల్, మే ఎండల్లో ఎట్లా వేసుకుంటాం? 43, 44 డిగ్రీల ఎండలో గంటసేపు వేసుకుంటే ఒళ్లంతా చెమట, దద్దుర్లు. అందుకే అది బీరువాలోనే ఉంటుంది. రోజూ వేసుకునేది మాత్రం అవే రెండు కాటన్ బుర్ఖాలు.

ఇప్పుడు వీటికి తోడు ఫోన్ వచ్చింది. ముందు ఒక పెళ్లికి వేసుకున్న డ్రెస్సు ఆ పెళ్లికి వచ్చినవాళ్లకే తెలిసేది. ఇప్పుడు స్టేటస్‌లో, ఇన్‌స్టాలో ఫొటో పెడితే రాని వాళ్లకు కూడా తెలుస్తుంది. ‘మళ్లా అదే వేసుకుందే’ అనే మాట భయపెడుతోంది. ఆ భయంతోనే ఫంక్షన్‌కు రాకుండా ఆగిపోయే ఆడపిల్లలు ఉన్నారు. తలనొప్పి అంటారు, పరీక్షలు అంటారు. అసలు సంగతి తల్లికి తెలుసు. చాలా ఇళ్లలో అప్పు మొదలయ్యేది కూడా ఇక్కడే. ఇది ఫ్యాషన్ విషయం అని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు.

ఒకసారి లెక్క వేద్దాం

బట్టల అంగడి నడిపేవాళ్లు సంవత్సరానికి ఒకసారైనా స్టాకు లెక్క చూస్తారు. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, కదలకుండా ఎన్ని ఉన్నాయి అని. కదలని సరుకును డెడ్‌స్టాక్ అంటారు. అది షెల్ఫులో చోటు తింటుంది, పెట్టిన డబ్బు ఇరుక్కుపోతుంది. అందుకే ఆషాఢం సేల్ పెట్టి సగం ధరకైనా వదిలించుకుంటారు. అట్లా వాళ్ల అంగట్లో కదలని సరుకు చాలావరకు వచ్చి చేరేది మన బీరువాలోకే. వాళ్లకు లెక్క ఉంది, మనకు లేదు.

ఒక ఉదాహరణ. అమ్మ, నాన్న, కాలేజీకి పోయే కూతురు, స్కూలుకు పోయే కొడుకు ఉన్న ఇల్లు అనుకుందాం. రంజాన్‌కు నలుగురికీ గుడ్డలు, కుట్టుకూలి కలిపి రూ.10,000. బక్రీద్‌కు రూ.4,000. ఏడాదిలో దగ్గరి పెళ్లిళ్లు రెండు, వాటికి రూ.16,000. చిన్నచిన్న ఫంక్షన్లు, ఫోన్‌లో ఆర్డర్ పెట్టినవి కలిపి రూ.6,000. మొత్తం రూ.36,000. అంటే నెలకు మూడు వేలు. ఇందులో మూడో వంతు తగ్గించినా ఏడాదికి రూ.12,000 మిగులుతుంది. పదేళ్లకు లక్షా ఇరవై వేలు. ఆడపిల్ల చదువుకు ఆ డబ్బు ఎంత పనికొస్తుందో వేరే చెప్పక్కరలేదు.

రెండో లెక్క, ఒక్కో డ్రెస్సును ఎన్నిసార్లు వేసుకున్నామనేది. ఒక లెహంగాకు కుట్టుకూలితో కలిపి రూ.6,500 అయిందనుకోండి. రెండు పెళ్లిళ్లకు వేసుకుని మడత పెట్టేస్తే ఒక్కసారికి రూ.3,250 పడినట్టు. అదే రూ.1,250 పెట్టి కుట్టించుకున్న కాటన్ సల్వార్‌ను వారానికొకసారి చొప్పున ఏడాదిలో యాభైసార్లు వేసుకుంటే ఒక్కసారికి పడేది రూ.25. అంగట్లో చీటీ చూస్తే లెహంగా ఐదింతలే ఎక్కువ. వాడకంలో చూస్తే నూట ముప్పై రెట్లు ఎక్కువ. అసలు ధర చీటీ మీద ఉండదు.

పన్ను కూడా గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ.2,500 వరకు ధర ఉన్న రెడీమేడ్ దుస్తులకు 5 శాతం జీఎస్టీ, అంతకు మించితే 18 శాతం. పెళ్లి గుడ్డలు ఎక్కువగా ఈ రెండో వరుసలోకే వస్తాయి.

మూడోది మనసుకు సంబంధించిన లెక్క. ‘ఆరువేలు పెట్టి కొన్నాం కదా, ఎట్లా ఇచ్చేస్తాం?’ అంటాం. ఆ ఆరువేలు కొన్నరోజే పోయాయి. బీరువాలో ఇంకో పదేళ్లు పెట్టినా అవి తిరిగి రావు. ఈలోపు జరీ నల్లబడుతుంది, మడతల దగ్గర గుడ్డ చీలుతుంది, చేతికి వచ్చిన పిల్లకు కొలత దాటిపోతుంది. ఈరోజు ఇస్తే ఒకరి పెళ్లికి పనికొచ్చేది, పదేళ్ల తర్వాత పాత్రలు తుడిచే గుడ్డకు కూడా పనికిరాదు.

దీన్ ఏమంటోంది?

ముందు ఒక అపోహ తీసేయాలి. చినిగినవి, మాసినవి వేసుకోవడం దైవభక్తి కాదు. మంచి బట్టలు, మంచి చెప్పులు వేసుకోవాలనుకోవడం గర్వమా అని ఒక సహాబీ అడిగితే, కాదని దైవప్రవక్త (స) చెప్పినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ అందాన్ని ఇష్టపడతాడని, సత్యాన్ని కాదనడం, జనాన్ని చిన్నచూపు చూడటం గర్వమని ఆ హదీసు భావం. ఉండీ నాసిరకంగా వచ్చిన ఒకాయనను, అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహం నీ మీద కనిపించాలి కదా అని ప్రవక్త (స) మందలించిన సంఘటన అబూదావూద్, నసాయి సంకలనాల్లో ఉంది.

అట్లని హద్దు లేకుండా లేదు. ఖుర్ఆన్‌లో అఆరాఫ్ సూరా 26వ ఆయత్ దుస్తులను అల్లాహ్ వరంగా చెబుతుంది. ఒళ్లు కప్పుకోవడానికి, అందానికి. ఆ వెంటనే తఖ్వా అనే దుస్తులు వీటన్నిటికంటే మేలైనవని గుర్తుచేస్తుంది. అదే సూరా 31వ ఆయత్‌లో నమాజుకు పోయేటప్పుడు చక్కగా తయారవమన్న ఆజ్ఞ ఉంది. తినండి, తాగండి, మితిమీరకండి అన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది. చక్కగా ఉండటం, మితిమీరకపోవడం ఒకే ఆయత్‌లో పక్కపక్కనే వచ్చాయి. ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్‌లో కరుణామయుని దాసుల గుణం చెబుతూ, వాళ్లు దుబారా చేయరు, పిసినారితనమూ చేయరు, మధ్యలో ఉంటారని ఉంది.

పండగకు కొత్త గుడ్డలు తప్పనిసరి కాదు. ఉన్నవాటిలో మంచివి, శుభ్రమైనవి వేసుకుని ఈద్‌గాకు పోవడం ఉత్తమం అనేది ఉలమాలు చెప్పే మాట. మన దగ్గర ‘ఉన్నవాటిలో మంచివి’ అన్నది మెల్లగా ‘తప్పకుండా కొత్తవి’గా మారిపోయింది.

కొత్త గుడ్డల గురించే సహీహ్ బుఖారీలో ఒక ముచ్చటైన సంఘటన ఉంది. ప్రవక్త (స) దగ్గరికి కొన్ని బట్టలు వచ్చాయి. అందులో గీతలున్న చిన్న నల్ల వస్త్రం ఒకటి ఉంది. ఉమ్మె ఖాలిద్ అనే చిన్నపాపను పిలిపించి, తమ చేతులతో దాన్ని ఆ పాపకు వేశారు. అది పాతబడి అరిగిపోయేదాకా వేసుకోవాలని దీవించారు. దాని మీది గీతలను చూపిస్తూ, బాగుందని హబ్షా భాషలో ముద్దుగా అన్నారు. ఎందుకంటే ఆ పాప తల్లిదండ్రులు హబ్షాకు వలస పోయినవాళ్లు, పాప అక్కడి భాష ఎరిగినది. సహాబాలు కూడా ఎవరైనా కొత్తది వేసుకుంటే అది పాతబడేదాకా వేసుకో, తర్వాత అల్లాహ్ ఇంకొకటి ఇవ్వాలి అని దువా చేసేవారని అబూదావూద్‌లో ఉంది.

ఆ దీవెనను మనం ఒకసారి ఆలోచించాలి. కొత్తది వేసుకున్న పాపకు ఇచ్చిన దువా, అది అరిగిపోయేదాకా వాడే ఆయుష్షు కలగాలని. గుడ్డకు గౌరవం దాచిపెట్టడంలో లేదు, వాడటంలో ఉంది. మన బీరువాలో ఉన్న వాటిలో ఎన్ని అరిగేదాకా వేసుకున్నాం?

ఒక్క జోడా, ఊరందరికీ

పెళ్లి గుడ్డల విషయానికి బుఖారీలోనే ఇంకొక హదీసు సూటిగా సరిపోతుంది. చాలా ఏళ్ల తర్వాత హజ్రత్ ఆయిషా (రజి) ఐదు దిర్హముల విలువ చేసే ముతక వస్త్రం వేసుకుని ఉన్నారు. తన పనిపిల్ల దాన్ని ఇంట్లో వేసుకోవడానికి కూడా చిన్నతనంగా భావిస్తోందని చెబుతూ, ప్రవక్త (స) కాలంలో తన దగ్గర అలాంటిదే ఒకటి ఉండేదని, మదీనాలో ఏ ఆడపిల్లను ముస్తాబు చేయాలన్నా తన దగ్గరికి మనిషిని పంపి దాన్ని అరువు తీసుకునేవాళ్లని గుర్తుచేసుకున్నారు. పెళ్లికూతురి కోసం బట్టలు అరువు తీసుకోవడం అనే అధ్యాయం కిందనే ఇమామ్ బుఖారీ ఈ హదీసును చేర్చారు.

ప్రవక్త (స) ఇంట్లోని ఒక వస్త్రం ఎంతమంది పెళ్లికూతుళ్లను తయారు చేసిందో చూడండి. ఇప్పుడు మన దగ్గర అరువు గుడ్డలంటే నామోషీ. ‘ఎవరిదో వేసుకొచ్చింది’ అని వెనక నవ్వుతారు. ఆ నవ్వే మనల్ని అంగడికి తరుముతోంది.

అక్కచెల్లెళ్ల పిల్లలు, ఆడబిడ్డల పిల్లలు నలుగురు ఇంచుమించు ఒకే కొలతలో ఉంటే ఖరీదైన జోడాలు రెండో మూడో కలిపి పెట్టుకోవచ్చు. ఇందాకటి లెహంగానే నలుగురు రెండుసార్లు చొప్పున వేసుకుంటే ఎనిమిదిసార్లు అవుతుంది. ఒక్కసారికి ఖర్చు రూ.3,250 నుంచి సుమారు రూ.812కు దిగుతుంది. ప్రక్కల కుట్లలో రెండంగుళాల గుడ్డ వదిలి కుట్టమని టైలర్‌కు ముందే చెబితే విప్పుకోవచ్చు, బిగించుకోవచ్చు. పెళ్లికొడుకు షేర్వానీ సంగతి అయితే మరీను. జీవితంలో ఒక్కరోజు వేసుకునేదానికి అద్దె అంగళ్లు ఉండనే ఉన్నాయి. అన్నది తమ్ముడు వేసుకుంటే ఇంకా మంచిది.

బీరువా దులిపే పద్ధతి

దీనికి షాబాన్ నెల మంచి సమయం. రంజాన్ రాకముందే అయిపోతే పండగకు ఏం కావాలో, ఏం అక్కర్లేదో తెలిసిపోతుంది. ఒక్కరోజులో ఇల్లంతా పెట్టుకోవద్దు. ఒక్క మనిషివి ఒక పూటకు చాలు.

ముందు అన్నీ బయటికి తీయాలి. బీరువాలోవి, ట్రంకులోవి, ఇస్త్రీకి వేసినవి, టైలర్ దగ్గర నెలల తరబడి పడి ఉన్నవి కూడా. మంచం మీద ఒకేచోట కుప్ప వేసి లెక్కపెట్టాలి. చాలామందికి ఈ అంకె చూసినప్పుడే సగం పని అయిపోతుంది. ‘నాకు ఏమీ లేవు’ అన్న నోరు మళ్లీ అట్లా అనలేదు.

తర్వాత నాలుగు భాగాలు. మొదటిది, ఈ ఏడాదిలో వేసుకున్నవి, ఇప్పుడు కొలత సరిపోయేవి. ఇవి తిరిగి బీరువాలోకి పోతాయి. రెండోది, గుండీ ఊడినవి, కుట్టు విడిచినవి, జిప్పు పోయినవి, పొడుగు తగ్గించాల్సినవి. వీటిని ఒక సంచిలో వేసి వారంలోపు టైలర్‌కు ఇచ్చేయాలి. వారం దాటితే ఆ సంచి మళ్లీ అటకెక్కుతుంది. మూడోది, బాగున్నాయి కానీ మనకు వద్దు. ఇవి ఇచ్చేవి. నాలుగోది, ఎవరికీ పనికిరానివి. ఇవి పేలికలు.

ఎటూ తేలనివి కొన్ని మిగులుతాయి. వాటిని ఒక పెట్టెలో పెట్టి పైన తేదీ రాయండి. ఒక రంజాన్ నుంచి ఇంకో రంజాన్ వరకు ఆ పెట్టె తెరవాల్సిన పని పడలేదంటే అవి మనవి కావు, ఇంకొకరి రిజ్క్ మన దగ్గర ఆగి ఉందని అర్థం.

ఏది నిజంగా వాడుతున్నామో తెలుసుకోవడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. ఉతికి మడతపెట్టిన గుడ్డలను ఎప్పుడూ ఎడమ పక్క నుంచే పేర్చండి. వాడేవి ఎడమకు చేరుతూ ఉంటాయి, వాడనివి కుడి మూలకు జరిగిపోతాయి. ఆరు నెలల తర్వాత కుడి మూల చూస్తే మీ డెడ్‌స్టాక్ కనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఎవరి గుడ్డలు వాళ్లే తేల్చుకోవాలి. భార్య చీరలను భర్త, అత్త చీరలను కోడలు ఏరిపెడితే అది సర్దుకోవడం కాదు, తగువు. మగవాళ్లు కూడా తమ షర్టులు లెక్కపెట్టాలి. ‘ఆడవాళ్లకే గుడ్డల పిచ్చి’ అనే మాట ఆ లెక్క తర్వాత తగ్గుతుంది. రెండోది, పోయినవాళ్ల గుర్తులు. తల్లి నిఖా చీర, నాన్న వాడిన టోపీ, కండువా లాంటివి లెక్కలోకి తేవద్దు. అయితే జ్ఞాపకానికి ఒకటి రెండు చాలు, ట్రంకు నిండా అక్కరలేదు.

ఉంచుకున్నవి బాగా ఉంచుకోవాలి. జరీ చీరలను ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత కాటన్ గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకొకసారి మడత మార్చి నీడలో గాలికి ఆరేయాలి. కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డలో మూటకట్టి మూలన పెట్టాలి. ఎండిన వేపాకు ఉంటే ఇంకా మంచిది, ఊళ్లో దానికి కొదవ లేదు.

ఇవ్వడంలో మర్యాద

ఇక్కడే చాలామంది జారిపోతారు. చినిగినవి, కంపు కొట్టేవి మూటకట్టి ‘సదఖా’ అని పేరు పెడతారు. బఖరా సూరా 267వ ఆయత్ దీన్ని సూటిగా తప్పుబడుతుంది. మీకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోని వస్తువును అల్లాహ్ మార్గంలో ఇవ్వాలనుకోవద్దన్నది దాని సారం. ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయత్ ఇంకా పై మెట్టు చూపిస్తుంది, మనకు ఇష్టమైన దాంట్లోంచి ఇచ్చేదాకా పుణ్యాన్ని అందుకోలేమని.

హజ్రత్ అబూబకర్ (రజి) చివరి ఘడియల సంగతి బుఖారీలో ఉంది. తన ఒంటి మీద ఉన్న పాత వస్త్రాన్నే ఉతికి, దానికి ఇంకో రెండు చేర్చి కఫన్ చేయమన్నారు. ఇది పాతది కదా అని ఆయిషా (రజి) అంటే, కొత్తది చనిపోయినవాళ్ల కంటే బతికున్నవాళ్లకే ఎక్కువ అవసరమని జవాబిచ్చారు. ఖలీఫా తన కఫన్ కొత్తదాన్ని కూడా బతికున్నవాళ్లకు వదిలారు. మనం మాత్రం మన పాతదాన్ని బతికున్నవాళ్లకు ఇచ్చి కొత్తది దాచుకుంటాం.

ఇచ్చేవాటిని ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, సల్వార్‌కు కమీజు, చున్నీ జతపరచి ఇవ్వాలి. పిల్లల గుడ్డలకు వయసు రాసిన చీటీ పెడితే తీసుకునేవాళ్లకు సులభం. నలుగురిలో ఇవ్వొద్దు, ఫొటో అసలే వద్దు. పండగకు రెండు మూడు వారాల ముందే ఇస్తే వాళ్లు కొలత సరిచేయించుకుని వేసుకోగలరు. చాంద్ రాత్‌నాడు ఇస్తే ఉపయోగం తక్కువ. ఇంట్లో పనిచేసే ఆమెకు పాత గుడ్డలు ఇచ్చి జీతంలో పట్టుకోవడం, పండగ మామూలుకు బదులు అదే అనడం ఇంకా తప్పు. గుడ్డలు ఇచ్చాం కాబట్టి జకాత్ లెక్క తీరిందనుకోవద్దు. అది వేరే లెక్క, మీ మసీదులో ఆలింను అడిగి తేల్చుకోండి.

ఊళ్లో ఇవ్వాల్సినవాళ్లు తెలియకపోతే మసీదు కమిటీ, మదర్సా, హాస్టళ్లను ముందు అడిగి వాళ్లకు ఏం కావాలో తెలుసుకుని ఇవ్వండి. దేశంలో ఈ పనిని మర్యాదగా చేసి చూపించిన సంస్థ గూంజ్. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టారు, 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. గుడ్డలను ఊరికే పంచకుండా, ఊరివాళ్లు తమ ఊరికోసం చేసుకున్న పనికి బదులుగా ఇవ్వడం, పాత నూలు గుడ్డలతో ఆడవాళ్లకు నెలసరి ప్యాడ్లు తయారు చేయించడం వాళ్ల పద్ధతి. తీసుకునేవాళ్ల తల వంగకూడదన్నది అందులోని మర్మం.

బాగు చేసుకోవడం మనకు కొత్త కాదు

వాడినదాన్నే మళ్లీ కొత్తగా చేసుకోవడం మన సమాజంలో ఒక వృత్తిగానే ఉండేది. రాయలసీమలో తెలుగే ఇంటి భాషగా ఉన్న దూదేకుల కుటుంబాల కులవృత్తి దూది ఏకడం. పరుపు గట్టిపడితే పారేయకుండా, దూది బయటికి తీసి, ఏకి, మెత్తగా చేసి మళ్లీ అదే పరుపు కుట్టేవాళ్లు. ఫోమ్ పరుపులు వచ్చి ఆ వృత్తి బాగా తగ్గిపోయింది. జేజిల కాలంలో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేవాళ్లు. నాలుగు చీరలు ఒక బొంత, ఆ బొంతలో ముగ్గురు పిల్లలు పెరిగేవాళ్లు. మెత్తటి నూలు చీర పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది.

ఇప్పటి గుడ్డలతో ఇది కష్టం. పాలిస్టర్ నీళ్లు పీల్చదు, పేలికగా కూడా పనికిరాదు, మట్టిలో కలవదు. అట్లాంటివి చివరికి ఎక్కడికి చేరుతాయో ప్రపంచం చూస్తోంది. హర్యానాలోని పానిపట్‌కు దేశవిదేశాల పాత గుడ్డలు వచ్చి మళ్లీ నూలవుతాయి, చవక కంబళ్లవుతాయి. ఘనా రాజధాని అక్రాలోని కంటమాంటో సంత పడమటి దేశాలు వదిలించుకున్న గుడ్డల మీదనే నడుస్తుంది. చిలీలోని అటకామా ఎడారిలో ఎవరికీ అక్కర్లేని గుడ్డల గుట్టలే ఉన్నాయి. అందుకే కొనేటప్పుడే నూలు చూసి కొనడం మేలు. మన ఎండకూ అదే సుఖం.

మరి అంగళ్లోళ్లు, టైలర్లు ఏం కావాలి?

ఇది న్యాయమైన ప్రశ్న. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో పనిచేసేవాళ్లలో, మిషన్ల మీద కూర్చునే టైలర్లలో మనవాళ్లు తక్కువేం లేరు. రంజాన్ నెల సంపాదనతో ఏడాది ఫీజులు కట్టేవాళ్లున్నారు. అందరూ కొనడం మానేస్తే వాళ్ల పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

ఎవరూ కొనడం మానేయమనడం లేదు. డబ్బు దారి మారుతుంది, అంతే. ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన రూ.400 టాప్ నాలుగు ఉతుకులకు పోతుంది, అందులో ఊరి టైలర్‌కు ఒక్క రూపాయి రాదు. అలాంటివి మూడు మానేసి ఒక మంచి కాటన్ బట్ట ఊళ్లో కొని, ఊళ్లోనే కుట్టిస్తే అంగడికీ, టైలర్‌కూ ఇద్దరికీ పని. పాతవి సరిచేయించుకుంటే పండగలు లేని నెలల్లో కూడా టైలర్ మిషన్ ఆడుతుంది. మన జిల్లా మగ్గాల మీద నేసిన చీర ఒకటి కొంటే అది పదేళ్లు కడతారు, నేసిన ఇంటికీ అన్నం పెడుతుంది.

తృప్తి నిలబడాలంటే

బీరువా ఖాళీ చేయడం ఒక్కరోజు పని. అది మళ్లీ నిండకుండా చూసుకోవడం అసలు పని. చాలామందికి ఆరు నెలల్లో మళ్లీ నిండిపోతుంది, ఎందుకంటే గుడ్డలు పోయాయి కానీ పోల్చుకునే అలవాటు పోలేదు. సిరి అంటే సామాన్లు ఎక్కువ ఉండటం కాదు, మనసుకు చాలు అనిపించడమే అసలైన సిరి అన్న అర్థం వచ్చే హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ ‘చాలు’నే ఉర్దూలో ఖనాఅత్ అంటాం. అది ఉన్నదాన్ని చూసి వస్తుంది, లేనిదాన్ని పక్కవాళ్ల ఒంటి మీద చూస్తే రాదు.

దానికి కొన్ని చిన్న కట్టుబాట్లు సాయపడతాయి. ఒక కొత్తది లోపలికి వస్తే ఒకటి బయటికి పోవాలి. నచ్చినదాన్ని వెంటనే కొనకుండా మూడు జుమాలు ఆగాలి, మూడో జుమా తర్వాత కూడా గుర్తుంటేనే కొనాలి. బజారుకు పోయే ముందు ఇంట్లో ఏం ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుని పోవాలి, అదే రంగు నాలుగోది కొనకుండా ఉంటారు. పెళ్లి పెట్టుబడుల్లో బిట్లకు బదులు పనికొచ్చే వస్తువో, డబ్బు కవరో పెట్టుకుందామని చుట్టాలు మాట్లాడుకోవచ్చు. కూతురికి జోడాలు ఇరవై ఒకటా, యాభై ఒకటా అని లెక్కపెట్టే ఇళ్లు, పదకొండుతో ఆపి మిగతా డబ్బు ఆ పిల్ల పేరు మీదే వేస్తే రేపు ఆమెకు అండ అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది నోరు. ‘ఇది ఆ పెళ్లికి కూడా వేసుకున్నావు కదా’ అని ఎవరినీ అనకపోవడం. మన ఇంట్లో పిల్లలు అంటే అక్కడే ఆపడం.

ఒక కుటుంబంలో కాస్త ఉన్నవాళ్లు ఏం చేస్తే లేనివాళ్లు దాన్నే కొలతగా పెట్టుకుంటారు. ఉన్న అక్క ప్రతి ఫంక్షన్‌కు కొత్త జోడాలో వస్తే, లేని చెల్లెలు అప్పు చేసైనా కొనాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. అదే ఆ అక్క పోయినేటి చీరనే శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, నవ్వుతూ కట్టుకొస్తే చెల్లెలికి ఎంత బరువు దిగుతుందో చెప్పలేం. కొనగలిగీ కొనకపోవడం మన ఒక్కరి పొదుపు మాత్రమే కాదు. అది పేద చుట్టానికి ఇచ్చే సదఖా, చేతికి ఏమీ ఇవ్వకుండానే.